నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందా?

పల్లెలో ఒక హత్య కేసు కోర్టు మెట్లెక్కినప్పుడు రచ్చబండ దగ్గర తప్పకుండా వినిపించే సలహా ఒకటుంది. జరిగినదంతా జడ్జిగారి ముందు ఒప్పుకుంటే ఆయన కనికరించి శిక్ష తగ్గిస్తారన్నదే ఆ సలహా. పేకాట కేసులోనో, తాగి గొడవ చేసిన కేసులోనో తప్పు ఒప్పుకొని, జరిమానా చెల్లించి, సాయంత్రానికి ఇల్లు చేరినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారి అనుభవమే ఈ నమ్మకానికి మూలం. అయితే మేజిస్ట్రేటు కోర్టులో చెల్లిన సూత్రం సెషన్స్ కోర్టులో, అందునా హత్యాభియోగం విషయంలో, చెల్లదు. అంతేకాదు, పదేళ్ల లోపు శిక్షతో ముగియవలసిన కేసును ఒక్కోసారి ఆ ఒప్పుకోలే యావజ్జీవం దాకా తీసుకుపోతుంది.

కారణం చట్టంలోనే ఉంది. 2024 జూలై 1కి ముందు జరిగిన హత్యలకు భారత శిక్షాస్మృతిలోని 302వ సెక్షన్, ఆ తేదీ నుంచి జరిగినవాటికి భారతీయ న్యాయ సంహితలోని 103వ సెక్షన్ వర్తిస్తాయి. సెక్షన్ సంఖ్య మారింది గాని శిక్ష మారలేదు. హత్య రుజువైతే న్యాయమూర్తి ముందు రెండే దారులు ఉంటాయి. ఒకటి ఉరిశిక్ష, రెండవది యావజ్జీవ కారాగారం. దేనికైనా జరిమానా అదనం. పదేళ్లో, పన్నెండేళ్లో శిక్ష విధించి సరిపుచ్చే అధికారం ఆయనకు లేదు. నిందితుడు మొదటిరోజే ఒప్పుకున్నా, చివరిదాకా పోరాడి ఓడినా కనీస శిక్ష యావజ్జీవమే. ప్రొబేషన్ చట్టం కూడా ఇక్కడ అక్కరకు రాదు. ఉరి లేదా యావజ్జీవం విధించదగిన నేరాలను సత్ప్రవర్తన హామీపై విడిచిపెట్టే నిబంధన నుంచి ఆ చట్టమే మినహాయించింది.

విదేశీ వార్తలు, సినిమాలు ఈ విషయంలో మరింత గందరగోళం కలిగిస్తున్నాయి. అమెరికాలోని ఐడాహో రాష్ట్రంలో 2022 నవంబరులో నలుగురు విశ్వవిద్యాలయ విద్యార్థులను చంపిన కేసులో నిందితుడు 2025 జూలైలో నేరం ఒప్పుకున్నాడు. అందుకు ప్రతిగా ప్రాసిక్యూషన్ మరణశిక్ష కోరడం మానుకుంది. అతనికి పెరోల్ లేని నాలుగు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ఇంగ్లండులో హత్యకు యావజ్జీవం తప్పనిసరి అయినప్పటికీ, విడుదలకు ముందు గడపవలసిన కనీస కాలాన్ని నేరాంగీకారం కారణంగా ఆరో వంతు వరకు, అదీ అయిదేళ్లకు మించకుండా, తగ్గించే వీలుంది. ఈ రెండు పద్ధతుల్లో ఏదీ మన దేశంలో హత్యకు వర్తించదు. మన చట్టంలోనూ బేరసారాల అధ్యాయం ఒకటి 2006 జూలై నుంచి అమలులో ఉన్నమాట నిజమే. అయితే అది ఏడేళ్లకు మించని శిక్ష గల నేరాలకే పరిమితం. మహిళలపైన, పసిపిల్లలపైన జరిగిన నేరాలను అందులోనుంచి కూడా తొలగించారు. హత్య ఆ గడపలోకే రాదు.

సుప్రీంకోర్టు ఈ మాటను 1999లోనే నిర్ద్వంద్వంగా చెప్పింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన చంద్రిక కేసులో నిందితుడికి హత్య కిందికి రాని నరహత్యకు సెషన్స్ కోర్టు ఎనిమిదేళ్ల శిక్ష విధించింది. హైకోర్టులో అతడు నేరాన్ని సవాలు చేయకుండా శిక్ష తగ్గిస్తే చాలునన్నాడు. హైకోర్టు అంగీకరించి, అప్పటికే గడిపిన జైలు కాలంతో సరిపెట్టింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. నేరం అంగీకరించినంత మాత్రాన శిక్ష తగ్గించడానికి అది కారణం కాజాలదనీ, నిందితుడు కోర్టుతో బేరమాడరాదనీ స్పష్టం చేసింది. ఇందుకు మరో కోణం కర్ణాటక నుంచి వెళ్లిన తిప్పేస్వామి కేసులో కనిపిస్తుంది. అది నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం కేసు. జరిమానాతో పోతుందన్న భరోసా మీద నిందితుడు నేరం ఒప్పుకోగా, హైకోర్టు ఆ శిక్షను జైలుశిక్షగా పెంచింది. ఆశ చూపి ఒప్పించి ఆ తరువాత శిక్ష పెంచడం అన్యాయమని చెబుతూ సుప్రీంకోర్టు కేసును మళ్లీ విచారణకు పంపింది. గుమాస్తా ఇచ్చే హామీ గాని, పోలీసు చెప్పే ధైర్యం గాని న్యాయమూర్తి కలాన్ని కట్టిపడేయలేవని ఈ రెండు తీర్పులూ కలిపి చదివితే తెలుస్తుంది.

మూడు చోట్ల మూడు ఒప్పుకోళ్లు

‘ఒప్పుకున్నాడు’ అన్న ఒక్క మాటతో ఊరు మూడు వేర్వేరు సంగతులను కలిపేస్తుంది. పోలీసుల ముందు చెప్పింది ఒకటి. దానిని నిందితుడికి వ్యతిరేకంగా నేరాంగీకారంగా రుజువు చేయడానికి వీల్లేదు. పాత సాక్ష్యాధార చట్టం ఇదే చెప్పింది, కొత్త భారతీయ సాక్ష్య అధినియమూ ఇదే చెబుతోంది. అతడు చూపిన చోట దొరికిన కొడవలి వంటి వస్తువు, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు పలికిన మాట మాత్రమే పనికివస్తాయి. రెండవది, మేజిస్ట్రేటు ఎదుట ఇచ్చే వాంగ్మూలం. ఇది చెప్పి తీరవలసిన అవసరం లేదని, చెబితే వ్యతిరేక సాక్ష్యం కాగలదని మేజిస్ట్రేటు ముందుగా హెచ్చరించాలి. తమిళనాడు సరిహద్దు గ్రామాలకు ఈ రెండింటి మధ్య ఉండే మరో రూపం బాగా తెలుసు. గ్రామ పరిపాలనాధికారి వద్దకు వెళ్లి లొంగిపోయి, జరిగింది చెప్పి, ఆయన వెంట స్టేషనుకు వెళ్లడం అక్కడి కేసుల్లో తరచుగా కనిపిస్తుంది. ఆయన పోలీసు కాడు గనుక ఆ మాటను సాక్ష్యంగా ప్రవేశపెట్టవచ్చు. బలహీనమైన సాక్ష్యమే అయినా సాక్ష్యమే.

మూడవదే అసలైన నేరాంగీకారం. సెషన్స్ జడ్జి అభియోగాన్ని చదివి, వివరించి, ‘నేరం ఒప్పుకుంటున్నావా, విచారణ కోరుతున్నావా’ అని అడిగినప్పుడు ఇచ్చే జవాబు అది. ఒప్పుకుంటే జడ్జి దానిని నమోదు చేయాలి, దాని ఆధారంగా తన విచక్షణ మేరకు దోషిగా నిర్ధారించవచ్చు అని చట్టం అంటోంది. ‘చేయాలి’ అన్నది నమోదుకు, ‘చేయవచ్చు’ అన్నది శిక్షకు దారితీసే నిర్ధారణకు. కేసు గతి మొత్తం ఈ రెండు క్రియల తేడాలో ఉంది.

హత్య కేసుల్లో కోర్టులు ఆ విచక్షణను ఒప్పుకోలు వైపు కాకుండా సాక్ష్యం వైపే ఎక్కువగా వినియోగిస్తూ వచ్చాయి. బ్రిటిషు కాలం నుంచే హైకోర్టులు ఇదే మంచి సంప్రదాయమని చెబుతున్నాయి. ఇందుకు కారణాలు పల్లె జీవితం తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. కొడుకును కాపాడుకోవడానికి తండ్రి, అన్నను కాపాడుకోవడానికి తమ్ముడు నేరాన్ని నెత్తిన వేసుకున్న సందర్భాలు ఉంటాయి. పశ్చాత్తాపంతో కుమిలిపోయి ‘నన్ను ఉరి తీయండి’ అనేవాడుంటాడు. నెలల తరబడి జైలులో మగ్గి, ఏదో ఒకటి తేలిపోతే చాలుననుకునేవాడు ఉంటాడు. వీరి మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. అబద్ధమైతే అసలు హంతకుడు ఊళ్లోనే తిరుగుతుంటాడు.

దేశమంతా కళ్లారా చూసిన ఉదాహరణ ముంబయి దాడుల కేసు. 2009 జూలై 20న విచారణ నడుమ అజ్మల్ కసబ్ లేచి నేరం ఒప్పుకుంటున్నానన్నాడు. తుపాకీ పట్టుకున్న అతని ఛాయాచిత్రాన్ని అప్పటికే ప్రపంచమంతా చూసింది. ఇక విచారణ దేనికని ప్రశ్నించినవారు ఎందరో. ప్రత్యేక న్యాయమూర్తి మాత్రం ఆ మాటలను రికార్డులో ఉంచి, అది అన్ని అభియోగాలకూ చెల్లే పూర్తి అంగీకారం కాదని చెప్పి, సాక్షుల విచారణ కొనసాగించారు. ఆ ఏడాది చివర కసబ్ మాట మార్చాడు. ఒప్పుకోలు మీదనే తీర్పు నిలబెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. 2010 మే 3న దోషిగా నిర్ధారణ, మే 6న మరణశిక్ష, 2011 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ధ్రువీకరణ, 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు తీర్పు, నవంబరు 21న పుణెలోని ఎరవాడ జైలులో ఉరి. ఆ సుప్రీంకోర్టు తీర్పులోనే సామాన్యుడికి పనికివచ్చే మాట ఒకటుంది. నిందితుడిని మొదటిసారి మేజిస్ట్రేటు ముందు హాజరుపరచినప్పుడే, న్యాయవాదిని పెట్టుకునే హక్కు ఉందనీ, స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని నియమిస్తారనీ అతనికి చెప్పవలసిన బాధ్యత మేజిస్ట్రేటుదేనని ధర్మాసనం నిర్దేశించింది. దేశమే శత్రువుగా చూసిన వాని కేసులో పుట్టిన ఆ ఆదేశం ఇవాళ ప్రతి పేద నిందితుడికీ రక్ష.

‘చంపాను’ అన్న మాటకు అర్థమెంత?

సరిహద్దు కుటుంబాలు ఎక్కువగా ఆలోచించవలసిన సంగతి ఇది. గట్టు తగాదా వచ్చింది, మాటా మాటా పెరిగింది, చేతిలో ఉన్న పార కర్రతో ఒక్క దెబ్బ వేశాడు, అవతలివాడు ఆసుపత్రిలో ప్రాణం వదిలాడనుకుందాం. ‘చంపావా?’ అని అడిగితే మన పల్లెటూరి మనిషి ‘చంపాను సామీ’ అంటాడు. చావుకు తన చేయి కారణమైందన్నదే అతని భావం. చంపాలని చంపానన్నది అతని ఉద్దేశం కాదు. తెలుగులో ‘చంపాను’ అన్నమాట ఈ రెండింటినీ మోస్తుంది. ఆ మాట కన్నడంలో ‘కొలె’ అయి, తమిళంలో ‘కొలై’ అయి రికార్డులోకి ఎక్కినప్పుడు అది హత్యకు ఒప్పుకోలుగా కనిపించే ప్రమాదం ఉంది. దెబ్బ కొట్టినట్లు ఒప్పుకోవడం వేరు, హత్య చేసినట్లు ఒప్పుకోవడం వేరు. మొదటిది ఒక పనిని అంగీకరించడం. రెండవది ఆ పని వెనుక ఉన్న ఉద్దేశాన్ని, చట్టం పెట్టిన పేరును కూడా అంగీకరించడం.

శిక్షలో తేడా చూస్తే ఈ మాటల బరువు తెలుస్తుంది. మరణం సంభవించినా, ఉద్దేశం హత్య స్థాయికి చేరనప్పుడు, లేదా హఠాత్తుగా తీవ్రంగా రెచ్చగొట్టడం, ముందస్తు ఆలోచన లేని ఆకస్మిక కొట్లాట, ఆత్మరక్షణలో హద్దు దాటడం వంటి మినహాయింపులు ఉన్నప్పుడు అది హత్య కిందికి రాని నరహత్య అవుతుంది. పాత చట్టంలో 304వ సెక్షన్, కొత్త చట్టంలో 105వ సెక్షన్. కొత్త చట్టం ప్రకారం మరణం కలిగించాలనో, మరణానికి దారితీయగల గాయం చేయాలనో ఉద్దేశం ఉంటే యావజ్జీవం, లేదా అయిదేళ్లకు తగ్గకుండా పదేళ్ల వరకు జైలు. ఉద్దేశం లేకుండా, ప్రాణం పోవచ్చునన్న ఎరుక మాత్రమే ఉంటే పదేళ్ల వరకు జైలు. అంటే హత్యా, నరహత్యా అన్న నిర్ణయం దగ్గరే శిక్షలో అసలు తగ్గింపు ఉంది. ఆ నిర్ణయానికి సాక్ష్యం కావాలి. ఆయుధమేమిటి, ఇంటి నుంచి తెచ్చిందా, అక్కడ దొరికిందా, దెబ్బలెన్ని, ఎక్కడ తగిలాయి, ఎంత బలంగా, పాతకక్ష ఉందా, అప్పటికప్పుడు పుట్టిన కోపమా అన్నవి పరిశీలించాలని సుప్రీంకోర్టు 2006లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన పులిచెర్ల నాగరాజు కేసులో ఏకరువు పెట్టింది. మొదటిరోజే హత్యకు ఒప్పుకున్నవాడి కేసులో ఈ ప్రశ్నలు అడిగే సాక్షే బోనెక్కకపోవచ్చు.

అయితే ఈ దారి అందరికీ తెరిచి ఉండదు. గుంటూరు జిల్లా గ్రామకక్షల నేపథ్యంలో నడిచిన రాయవరపు పున్నయ్య కేసు ఇందుకు సాక్ష్యం. నిందితులు బరువైన కర్రలతో బాధితుడి కాళ్లు చేతులపైనే కొట్టారు. తలపైన, గుండెపైన దెబ్బ వేయలేదు. అందుచేత హైకోర్టు దానిని నరహత్యగా తగ్గించింది. సుప్రీంకోర్టు 1976లో ఆ తగ్గింపును తోసిపుచ్చి హత్యగానే నిర్ధారించింది. ఉద్దేశపూర్వకంగా చేసిన ఆ గాయాలన్నీ కలిసి సహజంగా ప్రాణం తీయడానికి చాలినవేనని తేల్చింది. కాళ్ల మీద కొడితే హత్య కాదన్న ఫ్యాక్షన్ గ్రామాల లెక్క ఆనాడే తప్పిపోయింది.

కోర్టు భాష రాని నిందితుడికి చట్టం కొన్ని రక్షణలు ఇచ్చింది. అభియోగాన్ని చదివితే చాలదు, వివరించాలి. నిందితుడికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి తెలిసిన భాషలో బహిరంగ కోర్టులోనే అనువదించి చెప్పాలి. ఒప్పుకోలును సాధ్యమైనంత వరకు నిందితుడు పలికిన మాటల్లోనే నమోదు చేయాలని సుప్రీంకోర్టు మద్రాసు రాష్ట్రానికి చెందిన మహంత్ కౌశల్యాదాస్ కేసులో చాలాకాలం కిందటే చెప్పింది. అది మద్యనిషేధ చట్టం కింద వచ్చిన చిన్న కేసు. చిన్న కేసులోనే అంత పట్టింపు ఉన్నప్పుడు హత్య కేసులో ఎంత ఉండాలో వేరే చెప్పాలా? బళ్లారిలోనో, కృష్ణగిరిలోనో, రాయగడలోనో, గడ్చిరోలిలోనో నిలబడిన తెలుగువాడు ‘నాకు ఈ భాష రాదు, తెలుగులో చెప్పండి’ అనడం ధిక్కారం కాదు. కోర్టుకు ఆ మాట తెలియడమే మేలు. తలూపడం మర్యాద అనుకునే మన అలవాటు అక్కడ చేటు తెస్తుంది.

ఒప్పుకోలు మీద శిక్ష పడితే మరో తలుపు కూడా మూసుకుపోతుంది. సెషన్స్ కోర్టులో నేరం ఒప్పుకొని దోషి అయినవాడు ఆ నిర్ధారణపై అప్పీలు చేయలేడు. శిక్ష పరిమాణం మీద, దాని చట్టబద్ధత మీద మాత్రమే చేయగలడు. యావజ్జీవం కనీస శిక్ష అయినప్పుడు పరిమాణం మీద అప్పీలుకు మిగిలేది శూన్యం.

శిక్ష మీద వాదన

దోషిగా నిర్ధారించిన తరువాత, శిక్ష ప్రకటించే ముందు, శిక్ష విషయమై దోషి మాట వినాలన్నది 1973 స్మృతి తెచ్చిన నియమం. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ అది 258వ సెక్షన్‌గా ఉంది. ఒప్పుకోలు ఏమాత్రమైనా ఉపయోగపడితే ఇక్కడే, అదీ ఉరి, యావజ్జీవాల మధ్య ఎంపికలోనే. పశ్చాత్తాపానికి అది ఒక గుర్తు కాగలదు. కాని పలు గుర్తుల్లో ఒకటి మాత్రమే.

యావజ్జీవమే సాధారణమనీ, ఉరి అత్యంత అరుదైన కేసుల్లోనే అనీ 1980లో బచన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. దోషి వయసు, నేరం నాటి మానసిక స్థితి, ఇతరుల ఒత్తిడి, మళ్లీ హింసకు దిగే అవకాశం, సంస్కరణకు గల ఆశ చూడాలని చెప్పింది. సంస్కరణకు ఆశ లేదని చూపవలసిన భారం ప్రభుత్వానిదేనని కూడా అన్నది. దానికి ముందే 1974లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఈడిగ అన్నమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ దారి వేశారు. ఒక స్త్రీని, పసిబిడ్డను చంపిన ఘోరమది. హైకోర్టు ఉరిని ధ్రువీకరించింది. నేరం ఎంత క్రూరమైనదో దాచకుండానే, దోషి పడుచుతనాన్ని, అత్తింటి నుంచి కొట్టి తరిమివేయబడిన ఆమె బతుకును, ఆమెకున్న చిన్న కొడుకును, ఉరినీడలో గడిపిన కాలాన్ని లెక్కలోకి తీసుకొని ఆయన శిక్షను యావజ్జీవంగా మార్చారు. నేరంతోపాటు నేరస్థుని కథ కూడా కోర్టుకు తెలియాలన్నది ఆ తీర్పు సారం.

ఆ కథను ఎవరు చెబుతారన్నదే చిక్కు. తమిళనాడుకు చెందిన మునియప్పన్ కేసులో దోషిని శిక్ష గురించి అడిగితే ఏమీ చెప్పలేదని రాసి సెషన్స్ జడ్జి ఉరి విధించారు. లాంఛనంగా ఒక ప్రశ్న వేసి ఊరుకుంటే బాధ్యత తీరదనీ, శిక్షకు సంబంధించిన సమాచారాన్ని రాబట్టడానికి జడ్జి మనస్ఫూర్తిగా ప్రయత్నించాలనీ చెబుతూ సుప్రీంకోర్టు 1981లో ఆ ఉరిని యావజ్జీవంగా తగ్గించింది. 2022 మేలో మనోజ్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, ఉరి కోరే కేసుల్లో దోషి మానసిక స్థితిపై నివేదికను, జైలు ప్రవర్తనను, కుటుంబ, చదువు, ఆర్థిక వివరాలను విచారణ కోర్టు దశలోనే తెప్పించుకోవాలని ఆదేశించింది. కుటుంబం చేయవలసిన పని కూడా ఇక్కడ ఉంది. వయసు తెలిపే బడి పత్రం, మానసిక చికిత్స జరిగి ఉంటే ఆ చీటీలు, ఆధారపడిన పిల్లల, ముసలివారి వివరాలు న్యాయవాది చేతికి ముందే చేరాలి. తీర్పునాడు కోర్టు వరండాలో ఏడిస్తే ఆ ఏడుపు రికార్డులోకి ఎక్కదు. సెషన్స్ కోర్టు ఉరి విధించినా హైకోర్టు ధ్రువీకరించనిదే అది అమలు కాదన్నది మాత్రం ఎవరూ అడగకుండానే దక్కే రక్షణ.

అవతలి ఇంటి గోడు

హతుని కుటుంబం కూడా అదే వీధిలో, ఒక్కోసారి అదే గోడకు ఆనుకొని ఉంటుంది. శిక్షల చర్చలో ఆ ఇల్లు కనిపించకుండా పోవడం న్యాయం కాదు. పెద్దమనుషులు కూర్చుని డబ్బు ఇప్పించి రాజీ చేసినంత మాత్రాన హత్య కేసు ముగియదు. హత్య రాజీకి వీలున్న నేరం కాదు, ఇరువర్గాలూ కాగితం రాసుకున్నా హైకోర్టు కేసును కొట్టివేయరాదని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుడు విడుదలైతే, లేక హత్య కాకుండా చిన్న నేరానికి శిక్ష పడితే, లేక పరిహారం చాలకపోతే హతుని కుటుంబం అప్పీలు చేయవచ్చు. శిక్ష చాలలేదన్న కారణంతో మాత్రం నేరుగా అప్పీలు చేసే హక్కు వారికి లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది ప్రభుత్వమే చేయాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం కోరే అవకాశం ఉంది. నేరస్థుడు ఎవరో తేలకపోయినా అది వర్తిస్తుంది.

పద్నాలుగేళ్ల లెక్క, రాష్ట్రం లెక్క

యావజ్జీవమంటే పద్నాలుగేళ్లేనన్న నమ్మకం మరొకటి. యావజ్జీవమంటే ప్రాణం ఉన్నంతకాలమని సుప్రీంకోర్టు 1961లో గోపాల్ గాడ్సే కేసులోనే చెప్పింది. ఉరి కూడా విధించదగిన నేరానికి యావజ్జీవం పడితే, పద్నాలుగేళ్లు వాస్తవంగా జైలులో గడపనిదే చట్టం కింద ప్రభుత్వం శిక్ష మాఫీ చేసి విడుదల చేయడానికి వీల్లేదన్నదే ఆ అంకె అర్థం. ఆ తరువాత కూడా విడుదల హక్కు కాదు, పరిశీలన మాత్రమే హక్కు. అర్హులైన ఖైదీలు దరఖాస్తు పెట్టకపోయినా, విధానం ఉన్న రాష్ట్రాలు వారి పేర్లను పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కొన్ని కేసుల్లో ఆ ఆశకూ తావు లేదు. కర్ణాటకకు చెందిన స్వామి శ్రద్ధానంద కేసులో 2008లో సుప్రీంకోర్టు ఉరికి బదులు, మాఫీ లేని యావజ్జీవం విధించింది. అటువంటి శిక్ష విధించే అధికారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు మాత్రమే ఉందని 2015లో రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించింది.

మాఫీ ఏ ప్రభుత్వం ఇవ్వాలన్న ప్రశ్న సరిహద్దులో మరీ పదునైనది. నేరం జరిగిన రాష్ట్రమా, ఖైదీ సొంత రాష్ట్రమా, జైలు ఉన్న రాష్ట్రమా? ఇవేవీ కావని 2024 జనవరి 8న బిల్కిస్ బానో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గుజరాత్‌లో జరిగిన నేరాలపై మహారాష్ట్రలో విచారణ నడిచి శిక్ష పడింది గనుక, మాఫీ అధికారం మహారాష్ట్రదేనని చెప్పి, గుజరాత్ ఇచ్చిన విడుదలను రద్దు చేసింది. శిక్ష విధించిన కోర్టు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించాలి. మాఫీ విధానాలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నందున ఇది చిన్న విషయం కాదు.

కోర్టు ఎక్కడన్నది కూడా కొన్నిసార్లు గాయపడినవానిని మోసుకెళ్లిన దారిని బట్టి ఉంటుంది. దెబ్బ ఒక చోట తగిలి ప్రాణం మరోచోట పోతే ఆ రెండు చోట్లలో దేనిలోనైనా విచారణ జరపవచ్చని చట్టం చెబుతోంది. పావగడ వైపు కొట్లాటలో దెబ్బతిన్న మనిషి అనంతపురం ఆసుపత్రిలో చనిపోతే, సాధారణంగా కేసు నడిచేది కొట్లాట జరిగిన కర్ణాటకలోనే అయినా, ఆంధ్రప్రదేశ్ కోర్టుకూ అధికారం ఉన్నట్లే. యానాం కేసు అప్పీలుకు మద్రాసు హైకోర్టుకు పోతే, పక్కనే ఉన్న కాకినాడ కేసు అమరావతికి పోతుంది.

కాబట్టి మడకశిర వాసి అయినా కర్ణాటక సెషన్స్ కోర్టులో శిక్ష పడితే, ఆ తరువాత రాష్ట్రాల అంగీకారంతో సొంత రాష్ట్రపు జైలుకు బదిలీ అయినా, అతని మాఫీ నిర్ణయం బెంగళూరులోనే జరగాలి. మాఫీ కోసం అమరావతి చుట్టూ తిరిగే కుటుంబం ఏళ్లు పోగొట్టుకుంటుంది. శిక్షపడిన రోజునే తీర్పు ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. కోరితే, వీలున్నంతవరకు, ఖైదీ సొంత భాషలో అనువాదం ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ ఫోను నంబరు 15100. ఏ రాష్ట్రం నుంచి చేసినా ముందుగా చెప్పవలసినది కేసు ఏ జిల్లా కోర్టులో నడుస్తున్నదో ఆ జిల్లా పేరు.